క్లుజ్ వెళ్ళబోయే చిన్నాకి పిన్ని ఉత్తరం

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "మనవాడు సక్సెస్ అయ్యాడే" అంది. ఏమైందే అంటే, రొమేనియాలోని క్లుజ్‌లో మెడిసిన్ సీటు ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చిందట. వీసా పడలేదు, ఫీజు కట్టలేదు, వీధిలో స్వీట్లు పంచడం మాత్రం అయిపోయిందట. సరే, సంతోషమే. నాకు తెలిసిన నాలుగు మాటలు ఇప్పుడే రాసేస్తే నీకు పనికొస్తాయని కూర్చున్నా. ఇరవై రెండేళ్ళుగా బుకారెస్టులో ఉంటూ, సాయంత్రాలు ఇక్కడి ఆఫీసుల వాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నా. వాళ్ళకి ఎంత నేర్పానో గానీ నా తప్పుల వల్ల నేను నేర్చుకున్నదే ఎక్కువ.

పాఠాలు ఇంగ్లీషులోనే కదా, రొమేనియన్ దేనికి అంటావని తెలుసు. రెండేళ్ళు పోయాక వార్డుల్లోకి పంపుతారు. మంచం మీదున్న తాతగారు "నొప్పి ఎక్కడ" అన్నదానికి నీ కోసం ఇంగ్లీషులో జవాబు చెప్పడు. కాబట్టి నేర్చుకోక తప్పదు. అయితే ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు రొమేనియన్ ఉండే పట్టికలు కొని బట్టీ పట్టకు. నేను అదే చేశాను, ముఖ్యంగా గెలుపోటముల మాటల్లో బాగా దెబ్బతిన్నాను.

మొదటి ఏడాది భాషా పరీక్షకి బయల్దేరుతుంటే మెట్ల మీద పక్కింటావిడ ఎదురై "సుక్‌చెస్!" అంది. మన సక్సెసే, వాళ్ళ నోట్లో అలా పలుకుతుంది. నేను పాసయ్యాననుకుని అభినందిస్తోందేమోనని "లేదండీ, ఇంకా రాయనేలేదు" అన్నా. ఆవిడ నా మొహంలోకి చూసి, నాకు చెవుడేమో అనుకుందో ఏమో, ఈసారి గట్టిగా "ముల్త్ సుక్‌చెస్!" అని అరిచింది. ఇక్కడ ఆ మాట పనికి ముందు అంటారురా. "శుభం, వెళ్ళిరా" అన్నట్టు. పని అయ్యాక చెప్పేది "ఫెలిచితర్". నీ అంతట నువ్వు "సాధించాను" అనాలంటే "ఆమ్ రెవుషిత్". ఇంకోటి, సుక్‌చెస్‌కి బహువచనం సుక్‌చెసె. ఒక యువ రాజకీయ నాయకురాలు "సుక్‌చెసూర్" అనేసింది, పాపం, ఆ మాట పట్టుకుని దేశమంతా ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నీ తోటి పిల్లలు సుక్‌చెస్ కంటే "బాఫ్త" అనే ఎక్కువ అంటారు. ఈ మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అది జిప్సీలని పిలిచే రోమా ప్రజల భాషలోంచి రొమేనియన్‌లోకి వచ్చింది. ఆ జనం వెయ్యేళ్ళ కిందటి వరకూ మన దేశం వాళ్ళే. దారిలో పారసీకం నుంచి "బఖ్త్", అంటే అదృష్టం, అన్న మాట తెచ్చుకున్నారు. హైదరాబాదులో తిట్టుకునే "కంబఖ్త్"లో ఉన్నది అదే. ఇంకా వెనక్కి వెళ్తే మన భాగ్యం మాటదీ అదే మూలం. ఆ సంగతి తెలిసిన రోజున నేను మా ఆయనకి అన్నం వడ్డించడం కూడా మర్చిపోయి పుస్తకం పట్టుకుని కూర్చున్నా. అన్నట్టు, ఇక్కడ రోమాల్ని చిన్నచూపు చూసేవాళ్ళు చాలామందే. వాళ్ళతో గొంతు కలపకు.

పట్టికల్లో అదృష్టానికి ఎదురుగా "నొరోక్" అని ఉంటుంది. తప్పేం కాదు. కానీ గ్లాసులు తాకించినా నొరోక్, తుమ్మినా నొరోక్. మన ఇంట్లో చిన్నపిల్లలు తుమ్మితే "చిరంజీవ" అంటాం చూడు, అలాగ.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. నా దగ్గర చదువుకునే ఆవిడ కూతురు మొదటిసారి నాటకంలో వేషం వేస్తోంది. స్టేజీ ఎక్కేవాళ్ళకి ఇంగ్లీషులో "కాలు విరగ్గొట్టుకో" అనడం శుభాకాంక్ష కదా. నేను దాన్ని రొమేనియన్‌లోకి తిప్పి, పూలగుత్తి చేతికిస్తూ, నవ్వుతూ చెప్పాను. ఆ పిల్ల నోరు తెరిచింది. వాళ్ళమ్మ పూలగుత్తి వెనక్కి తీసుకుంది. మనింటికొచ్చి ఎవరైనా "నీ కాలు విరగ" అంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది వాళ్ళకి. "బాఫ్త" అని ఊరుకుంటే పోయేది.

కాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మహా అదృష్టం పట్టినవాణ్ణి ఇక్కడ "దేవుణ్ణి కాలు దగ్గర ఒడిసిపట్టాడు" అన్నట్టు చెబుతారు, "ఆ ఆపుకాత్ పె దుమ్నెజెవు దె పిచోర్" అని. మనం కాళ్ళు పట్టుకున్నాం అంటే బతిమాలుకున్నట్టు. వీళ్ళది బతిమాలడం కాదు, పారిపోతున్న దేవుణ్ణి ఒడిసిపట్టడం!

ఇక నీకు రోజూ అవసరమయ్యేది పరీక్షల భాష. ఇక్కడ జాగ్రత్త. "పరీక్ష తీసుకున్నాను" అంటే ఇంగ్లీషులో రాశానని. రొమేనియన్‌లో అదే మాట, "ఆమ్ లువాత్ ఎగ్జామెనుల్", అంటే పాసయ్యానని. రాసి వచ్చాను అనాలంటే పరీక్ష "ఇచ్చాను" అనాలి, "ఆమ్ దాత్". హైదరాబాదులో నీ దోస్తులు "ఎగ్జామ్ ఇచ్చొచ్చా" అంటారే, అచ్చం అదే. ఇంగ్లీషు టీచర్లు దాన్నే తప్పని దిద్దుతారు, ఇక్కడ మాత్రం అది సరైన మాట. గది బయటికొచ్చి ఇంగ్లీషు లెక్కన "ఆమ్ లువాత్" అన్నావనుకో, అందరూ భుజం తట్టి పార్టీ అడుగుతారు, వారం తర్వాత ఫలితం చూసి అబద్ధాలకోరు అంటారు. తప్పితే "ఆమ్ పికాత్", అంటే పడిపోయాను. మీ బ్యాక్‌లాగ్‌ని ఇక్కడ "రెస్తాన్‌త్స" అంటారు. మార్కులు పదికి, 5 వస్తే గట్టెక్కినట్టు. దర్జాగా పాసయితే "కు బ్రీయో". ఏదైనా అద్భుతంగా ఉంటే, అది వంట అయినా సరే, "నోతా జేచె", పదికి పది అంటారు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పద్నాలుగేళ్ళ నాదియా కొమెనెచికి జిమ్నాస్టిక్స్‌లో పదికి పది వస్తే, ఆ అంకె చూపించే వీలులేక స్కోర్‌బోర్డు 1.00 అని వేసింది. ఆ కథ ప్రతి టాక్సీ డ్రైవరూ చెబుతాడు, మొదటిసారి విన్నట్టే విను.

బట్టీ కొట్టేవాణ్ణి "తొచిలార్" అంటారు. అసలు అర్థం కత్తులకి సాన పట్టేవాడు. ఆ పేరు రాకుండా చూసుకో.

పని సాఫీగా సాగితే "మెర్జె కా పె ర్వాతె", చక్రాల మీద పోతున్నట్టు. ఇది మన నల్లేరు మీద బండి నడకే, ఇంగ్లీషు గుండా వెళ్ళక్కర్లేదు. బోల్తా కొడితే "దాత్ ఇన్ బార", బంతి గోల్‌పోస్టుకి తగిలిందని. పలుకుబడితో పని చేయించుకోవడాన్ని "పీలె" అంటారు, మన పైరవీ. ఇక్కడ అప్పట్లో ఏలిన కమ్యూనిస్టు పార్టీ పేరులోని మూడు పొడి అక్షరాలూ పీ.సీ.ఆర్. వాటిని జనం పీలె, కునోష్తిన్‌త్సె, రెలాత్సీ అని విడదీసి నవ్వుకునేవారు. అంటే పైరవీ, పరిచయాలు, సంబంధాలు. పార్టీ 1989తో పోయింది, జోకు ఉండిపోయింది.

సామెతలు మొదట్లోనే వాడకు, కృతకంగా ఉంటుంది. ప్రాస ఉన్నవి ఒకటి రెండు పెట్టుకో చాలు. ఓర్పుతో సముద్రం దాటొచ్చు అనడానికి "కు రబ్దార్యా త్రెచ్ మార్యా". కొంచెం కొంచెంగానే వెనిగర్ తయారవుతుంది అని ఇంకొకటి ఉంది, అది పచ్చళ్ళు పెట్టే ముసలమ్మలు అంటే అందం.

రెండు సామెతలు మాత్రం మీ అమ్మ కోసం. "అడవిలో ఉన్న ఎలుగుబంటి తోలు అమ్మకు" అంటారు ఇక్కడ, ఆలు లేదు చూలు లేదు అన్నట్టు. ఇంకొకటి, "ను జీ హోప్ పిన నాయ్ సరిత్". దూకకముందే "హోప్" అని కేక వేయకు అని. వీసా స్టాంపు పడిన రోజున ఫోన్ చేసి హోప్ అను, నేను విమానాశ్రయానికి వస్తా. బుకారెస్టులో దిగి రెండు రోజులు మా దగ్గరుండి అప్పుడు క్లుజ్ వెళ్దువుగాని. కందిపొడి, ఇంగువ తీసుకురా. ఆవకాయ సీసా చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టు, చేతిసంచిలో పెడితే లాగేసుకుంటారు.

మీ పిన్ని