స్టాట్యూ ఆఫ్ లిబర్టీ పోత పోసింది కాదు, రేకు కొట్టి చేసింది

స్టాట్యూ ఆఫ్ లిబర్టీని రాగి కరిగించి పోత పోశారా, లోపలంతా గట్టిగా ఉంటుందా అని అడిగారు. రెండూ కాదండీ. అది అచ్చంగా రేకు పని, లోపలంతా డొల్ల.

మాది పెంబర్తి. మా బాపు లక్క మీద ఇత్తడి రేకు పరిచి ఉలీ సుత్తీ పట్టుకుని నగిషీ కొడుతుంటే పక్కన కూర్చుని పెరిగాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నా. మొదటిసారి ఆ విగ్రహం ఉన్న దీవికి వెళ్లినప్పుడు మ్యూజియంలో విగ్రహం ఎలా చేశారో చూపించే చోటే ఆగిపోయాను, ఫెర్రీకి టైమవుతోందని ఇంట్లోవాళ్లు పిలుస్తున్నా కదలబుద్ధి కాలేదు.

రేకు మందం 2.4 మిల్లీమీటర్లే. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చేంత కూడా లేదు. శిల్పి బార్తోల్డి ముందు చిన్న నమూనా చేసి, దాన్ని విడతలవారీగా పెంచుకుంటూ పోయి, చివరికి అసలు సైజులో ఒక్కో భాగాన్ని చెక్క బద్దల మీద ప్లాస్టర్‌తో చేయించాడు. ఆ ఒంపులకు సరిగ్గా అతికేలా వడ్రంగులు చెక్క అచ్చులు కట్టారు. రేకును ఆ అచ్చులో పెట్టి లోపలి వైపు నుంచి కొట్టి కొట్టి ఆకారం తెచ్చారు. ఇలాంటి రేకులు దాదాపు 300, రాగి మొత్తం 31 టన్నులు. ఫ్రెంచివాళ్లు ఈ పనిని రెపూసే అంటారు. మేం లక్క మీద కొడతాం, వాళ్లు చెక్కలో కొట్టారు, చేతిపని మాత్రం ఒకటే. పోత పోసి ఉంటే ఆ బరువుకూ ఖర్చుకూ అంతు ఉండేది కాదు. రేకు కాబట్టే పారిస్‌లో విప్పి, 200కు పైగా పెట్టెల్లో సర్ది, 1885లో ఓడలో న్యూయార్క్‌కు పంపగలిగారు.

అయితే అంత పల్చటి రేకు 151 అడుగుల ఎత్తున తనంతట తాను నిలబడదు. ఆ సంగతి చూసింది ఎఫెల్, పారిస్ టవర్ కట్టిన ఆయనే. మధ్యలో నాలుగు కాళ్ల ఇనుప స్తంభం, దాని నుంచి పక్కలకు చట్రం, ఆ చివర రేకు ఒంపులను అనుసరించి వంచిన ఇనుప పట్టీలు. తమాషా ఏంటంటే ఈ పట్టీలను రేకుకు నేరుగా రివెట్ చేయలేదు. రేకుకు చిన్న రాగి పట్టాలు రివెట్ చేసి, వాటి కిందుగా పట్టీని పోనిచ్చారు. ఎండకు రాగి సాగినా, గాలికి విగ్రహం ఊగినా, పట్టీ కాస్త జరుగుతుంది, రేకు చిరగదు. నాకు ఈ ఒక్క ఆలోచన ముందు మిగతాదంతా చిన్నదిగా కనిపిస్తుంది.

దెబ్బ తిన్నది కూడా అక్కడే. రాగీ ఇనుమూ ఆనుకుని ఉండి, మధ్య ఉప్పు తేమ చేరితే ఇనుమును తుప్పు తొందరగా తినేస్తుంది. నా చిన్నప్పుడు ఒక ఊరి గుడిలో ధ్వజస్తంభం ఇత్తడి తొడుగుకు ఎవరో ఇనుప మేకులు కొట్టారు. కొన్నేళ్లకే మేకులు తుప్పుపట్టి తలలు ఊడిపోయాయి, తొడుగు అక్కడక్కడా లేచింది. ఇత్తడికి ఇత్తడి మేకే కొట్టాలని బాపు అప్పుడు చెప్పిన మాట ఇంకా గుర్తుంది. పారిస్‌వాళ్లకూ ఈ విషయం తెలుసు, అందుకే మధ్యలో షెల్లాక్‌లో తడిపిన ఆస్‌బెస్టాస్ పెట్టారు. షెల్లాక్ అంటే మన లక్కే! కానీ వందేళ్లలో అది అరిగిపోయింది, తుప్పు ఉబ్బి రాగి పట్టాల రివెట్లను పీకేసింది. 1984-86 మరమ్మతుల్లో 1,800కు పైగా పట్టీలను తీసి, ఒక్కోదానికి అదే ఒంపుతో స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ చేసి, రాగికి తగలకుండా టెఫ్లాన్ పెట్టి బిగించారు. అన్నీ ఒకేసారి తీస్తే రేకు ఆకారం చెడుతుందని కొన్ని కొన్నిగా మార్చారు.

ఆకుపచ్చ రంగు పెయింట్ కాదు, గాలికి రాగి మీద పేరుకున్న చిలుము. కింది రాగిని కాపాడేది అదే, అందుకే తోమరు.

ఆ 1984-86 మరమ్మతుల్లోనే కాగడా కూడా కొత్తది చేశారు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన పనివాళ్లు అదే పద్ధతిలో రేకు కొట్టి. దాని మంటకు బంగారు రేకు అతికించారు. పాత కాగడా మ్యూజియంలో ఉంది.

వెళ్లేవాళ్లు కిరీటం టికెట్ విడిగా ముందే బుక్ చేసుకోండి. పీఠం పైనుంచి 162 మెట్లు, ఇరుకు. ఎక్కేటప్పుడు పక్కకు చూడండి, బట్టల మడతలు లోపలి వైపు నుంచి, వాటిని పట్టుకున్న పట్టీలతో సహా కనిపిస్తాయి.