సహస్రనామం తప్పు పలికితే దోషమా?

ప్రశ్న: ఎన్నో ఏళ్లుగా పొద్దున్నే లలితా సహస్రనామం పైకి చదువుకుంటున్నాను. ఈమధ్య మా ఆడపడుచు విని, ఇన్ని తప్పులతో చదివితే పుణ్యం సంగతి అటుంచి దోషం చుట్టుకుంటుంది అంది. అప్పట్నుంచి పుస్తకం తీయాలంటేనే టెన్షన్. పైకి అనకుండా మనసులో చదువుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ భయం వదిలెయ్యండమ్మా. ఇలా భయపెట్టేవాళ్లు సాధారణంగా చెప్పేది వృత్రాసురుడి కథ. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ త్వష్ట 'ఇంద్రశత్రు' అన్న మాటను స్వరం తప్పి పలికాడు, దాంతో అర్థం తిరగబడి ఇంద్రుడి చేతిలో చచ్చే కొడుకు పుట్టాడు. అది ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే మూడు స్వరాల కట్టుబాటు ఉన్న వేదమంత్రాల సంగతి. సహస్రనామం బ్రహ్మాండ పురాణంలోది, అనుష్టుప్ అనే ఛందస్సులోని శ్లోకాలు, దానికి ఆ స్వరాల లెక్క లేదు.

అలాగని ఎలా పడితే అలా చదవమని కాదు. 'నిర్మమా మమతాహంత్రీ' దగ్గర ఊపిరి చాలక 'మమతా' అని ఆగి, 'హంత్రీ' అని మళ్లీ ఎత్తుకుంటే, మమకారాన్ని పోగొట్టే తల్లి అనే ఒక్క నామం రెండు ముక్కలైపోతుంది. ఊపిరి ముందే తీసుకుంటే చాలు.

ఇక మనసులో చదవడం గురించి మీ పుస్తకంలోనే ఉంది: 'పరా ప్రత్యక్చితీరూపా పశ్యంతీ పరదేవతా, మధ్యమా వైఖరీరూపా భక్తమానసహంసికా'. మాటకు మన పెద్దలు చెప్పిన నాలుగు దశలూ ఇక్కడ అమ్మవారి పేర్లే. ఇంకా ఏ రూపమూ లేని మూలం పర, చెప్పదలిచింది మొత్తం ఒక్కసారిగా లోపల తోచడం పశ్యంతి, అదే మనసులో మాటల వరసగా కుదిరితే మధ్యమ, నోరు దాటి వినబడేది వైఖరి. మీ ఆడపడుచు విన్నది ఆ చివరిదొక్కటే. మనుస్మృతి అయితే యజ్ఞం కంటే జపం పదిరెట్లు, పెదవుల్లోనే అనుకునే ఉపాంశువు నూరురెట్లు, మానసిక జపం వెయ్యిరెట్లు మిన్న అంటుంది.

అయినా సహస్రనామాన్ని పైకే చదవమంటాను. ఒక్క నామాన్ని మనసులో నిలుపుకోవడం వేరు, వెయ్యి నామాలు వేరు. కళ్లు పేజీ మీద ఉంటాయి, బుద్ధి పొయ్యి మీద పాల దగ్గరికి పోతుంది.

ఎదుటివాళ్లను నొప్పించకుండా నిజాన్ని, ప్రియంగా, మేలు కలిగేలా చెప్పడం వాక్కుతో చేసే తపస్సని గీత 17వ అధ్యాయంలో ఉంది, తప్పులు దిద్దేవాళ్లకీ అది వర్తిస్తుంది. మీ ఆడపడుచుకు శ్లోకాలు నిజంగా బాగా వచ్చి ఉంటే మాత్రం, ఈసారి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పూటకు పదేసి చెప్పించుకోండి.