ఎనిమిదో నెలలో మూతి వంకర పోతే: స్టెరాయిడ్ వేసుకోవచ్చా, కంటికి ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: ఎనిమిదో నెల. నిన్న పొద్దున లేచేసరికి మూతి ఎడమకి లాగేసింది, కుడి కన్ను మూతపడటం లేదు. డాక్టర్ స్టెరాయిడ్ రాశారు గానీ బిడ్డకేమవుతుందోనని వేసుకోలేదు. అత్తగారు పసరు వేయిద్దామంటున్నారు.

పసరు మాట పక్కన పెట్టండి. అసలు మందుకి గడువుంది. మూతి వంకర పోయిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే దాని ఫలితం బాగుంటుంది. మీకు అప్పుడే ఒక రోజు గడిచిపోయింది.

మూతి ఎడమకి లాగిందంటే దెబ్బ తిన్నది కుడి పక్క. ఎడమ కండరాలు బాగున్నాయి కాబట్టే అవి లాగుతున్నాయి. ఇది తెలియక మంచి చెంపకే నూనె రుద్దేవాళ్లు బోలెడుమంది. అద్దం ముందు కనుబొమలు పైకెత్తి చూడండి. నుదుటి మీద కుడి సగంలో ముడతలు పడకపోతే అది చాలావరకు బెల్స్ పాల్సీ. అంటే చెవి వెనక ఎముకలోని ఇరుకు దారిలో ముఖ నరం వాచి నలిగిపోవడం. నుదురు రెండు పక్కలా మామూలుగా ముడతలు పడుతూ మూతి ఒక్కటే వంకరగా ఉన్నా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం కావచ్చు. అప్పుడు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. చెవిలో నీటి పొక్కులుంటే అది వేరే వైరస్, మందూ మారుతుంది, డాక్టర్‌కి తప్పక చూపించండి.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. గర్భిణులకి బెల్స్ పాల్సీ ఎక్కువగా ఆఖరి మూడు నెలల్లోనో, కాన్పైన మొదటి వారంలోనో వస్తుంది. ఇలా వచ్చిన గర్భిణుల్లో బీపీ పెరగడం కూడా తరచుగా కనిపిస్తుంది. కాబట్టి ఈ రోజే బీపీ చూపించుకుని, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోండి. బీపీ 140/90కి చేరినా, విడవని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉన్నా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక స్టెరాయిడ్. రాసింది ప్రెడ్నిసోలోన్ అయితే అందులో ఎక్కువ భాగాన్ని మాయే (ప్లాసెంటా) పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. బిడ్డకి చేరేది సుమారు పదో వంతే. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే బీటామెథాసోన్ ఇంజెక్షన్ వేరు, అది బిడ్డకి చేరాలనే ఇస్తారు. మామూలుగా రాసే లెక్క రోజుకి 60 మి.గ్రా. చొప్పున అయిదు రోజులు, తర్వాత రోజుకి 10 మి.గ్రా. తగ్గిస్తూ ఇంకో అయిదు రోజులు. కొందరు 50 మి.గ్రా. చొప్పున పది రోజులు ఇస్తారు. మీ మోతాదు మీ డాక్టర్ రాసిందే. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోండి, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. షుగర్ పెరుగుతుంది, అందుకని వాడినన్నాళ్లూ చూసుకోవాలి. గర్భంతో వచ్చిన షుగర్ ఉంటే ముందే చెప్పండి.

అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది కంటికి. ముఖం నెమ్మదిగానైనా చాలామందికి తిరిగొస్తుంది. కానీ ఆరిపోయిన కంటి మీద పుండు పడితే చూపుకే ముప్పు. పగలు కార్బాక్సీమెథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు గంటకో రెండు గంటలకో వేసుకోండి. ఫ్యాన్ గాలి వల్ల ఈ జబ్బు రాదు గానీ మూతపడని కన్ను దానికి ఇంకా ఆరిపోతుంది, కాబట్టి నేరుగా ఫ్యాన్ కింద కూర్చోకండి. బయటికెళితే కళ్లజోడు పెట్టుకోండి. రాత్రి కింది రెప్ప లోపల ఒక సెంటీమీటరు పొడవున కంటి ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్పని వేలితో కిందికి దించండి. రెప్ప మీద జిడ్డు తుడిచి, మైక్రోపోర్ టేపు ముక్కని పై రెప్ప నుంచి చెంప ఎముక వైపు ఏటవాలుగా అంటించండి. తర్వాత కన్ను తెరవబోయి చూడండి. టేపు కింద తెల్లగుడ్డు కనిపిస్తే తీసి మళ్లీ వేయాలి. టేపు లేకుండా దూది పెట్టి కట్టు కడితే, లోపల కన్ను తెరుచుకుని దూది పోగులు నల్లగుడ్డుని గీరేస్తాయి. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసరు కంట్లోకి మాత్రం ససేమిరా పోనివ్వకండి.

అన్నం కుడి బుగ్గలో నిలిచిపోతుంది, తిన్నాక వేలితో తీసి పుక్కిలించండి. బబుల్ గమ్ నమలడం, బుడగలు ఊదడం లాంటి మొరటు వ్యాయామాలొద్దు. బలవంతం చేస్తే తర్వాత మూతి కదిపినప్పుడల్లా కన్ను చికిలించుకుపోయే అలవాటు పడుతుందన్న భయముంది. అద్దం ముందు మెల్లగా ముఖం కదపడం, రోజుకి రెండు మూడు సార్లు అయిదేసి నిమిషాలు చాలు. ఫిజియోథెరపీలో ముఖానికి కరెంటు పెట్టించుకోకండి.

కదలిక సాధారణంగా మూడు వారాల్లో మొదలవుతుంది, పూర్తిగా తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. మూడు వారాలైనా ఏ మాత్రం కదలిక లేకపోతే న్యూరాలజిస్టుకి చూపించుకోండి. దీని కోసమే సిజేరియన్ అక్కర్లేదు, ఈ మోతాదులో బిడ్డకి పాలూ ఇవ్వొచ్చు. కాన్పుకి చేరినప్పుడు మాత్రం స్టెరాయిడ్ వాడిన సంగతి, ఆ కన్ను మూతపడదన్న సంగతి నర్సుకీ, మత్తు డాక్టర్‌కీ ముందే చెప్పండి.