వంటింట్లోంచి ఒక్క కేక

ప్రశ్న: తెనాలిలో మా అమ్మ కర్రీ పాయింట్ నడుపుతుంది. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నానని దానికో వెబ్ పేజీ జావాస్క్రిప్ట్‌లో రాశాను. ఏ కూర ఎన్ని ప్యాకెట్లు మిగిలిందో చూసుకోవడానికి ‘స్టాక్’ అనే క్లాస్ ఉంది. ప్యాకెట్ అమ్మగానే బోర్డు మీద అంకె తగ్గాలి, బిల్లు మారాలి, వంటింట్లో ట్యాబ్‌లో కనబడాలి. ఈ మూడింటినీ స్టాక్ లోపలినుంచే వరసగా పిలుస్తున్నాను. మొన్న పేజీలోంచి బోర్డు తీసేస్తే బిల్లే ఆగిపోయింది! ‘ఇది జరిగితే ఈ ఫంక్షన్ నడుపు’ అని బటన్‌కి పెట్టినట్టు స్టాక్‌కి కూడా యాడ్‌ఈవెంట్‌లిజనర్ పెడదామంటే, అది ఫంక్షనే కాదని ఎర్రర్ వస్తోంది. సొంత ఆబ్జెక్ట్‌లకి ఆ యోగం లేదా?

జవాబు: ఎందుకు లేదూ! మీ అమ్మగారు వంటింట్లోంచి “గోంగూర అయిపోయింది” అని ఒక్క కేక వేస్తారు కదా. బోర్డు దగ్గరివాళ్లు ఆ పేరు చెరిపేస్తారు, కౌంటర్లో ఉన్నవాళ్లు ఆర్డర్ తీసుకోవడం ఆపేస్తారు. ఆవిడ గరిటె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పరు. మీ స్టాక్ చేత మాత్రం ఇల్లిల్లూ తిప్పిస్తున్నారు. అందుకే ఒక తలుపు తాళం వేసి ఉంటే పనంతా అక్కడే ఆగింది.

బటన్‌కి ఆ విద్య ఈవెంట్‌టార్గెట్ అనే క్లాస్ నుంచి వచ్చింది. మీ స్టాక్ కూడా దాన్ని ఎక్స్‌టెండ్ చేస్తే, అంటే దాని విద్యలు వారసత్వంగా తీసుకుంటే సరి. కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) రాసుకుంటే మాత్రం దిస్ ముట్టుకోకముందే సూపర్‌ని, అంటే పై క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ని పిలవాలి, లేకపోతే బ్రౌజర్ అక్కడే నిలబెట్టేస్తుంది. ఆ తర్వాత అమ్మకం జరిగినప్పుడల్లా ‘మారింది’ అనే పేరుతో ఒక కస్టమ్‌ఈవెంట్ (మన సొంత కేక) తయారుచేసి, ఏ కూర, ఎన్ని మిగిలాయి అన్నది దాని డీటెయిల్‌లో పెట్టి, ఆ కేక వేసే డిస్పాచ్‌ఈవెంట్‌కి అందించండి. బోర్డు, బిల్లు, ట్యాబ్ ఎవరికి వాళ్లే వచ్చి లిజనర్ (కేక వినగానే నడిచే ఫంక్షన్) పెట్టుకుంటారు. వినేవాళ్లు ముగ్గురా, ఎవరూ లేరా అన్నది స్టాక్‌కి అక్కర్లేదు.

ఇది మీకు ఇంత సులువుగా దొరికిందంటే నాకు కొంచెం కుళ్లు. ఈవెంట్‌టార్గెట్‌ని మనం సొంతంగా వాడుకునే వీలు క్రోమ్ 64, ఫైర్‌ఫాక్స్ 59లతో 2018లో వచ్చింది, సఫారీలో 2020 దాకా లేదు. అంతకుముందు మేం ఎక్కడా కనబడని ఖాళీ డివ్ (పేజీలో ఒక డబ్బా) ఒకటి పుట్టించి, దాని చెవులు అరువు తెచ్చుకునేవాళ్లం.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ కేక వేసి ఊరుకోవడం కాదు. డిస్పాచ్‌ఈవెంట్ పిలిస్తే లిజనర్లన్నీ పెట్టుకున్న వరసలో పని ముగించాకే కింది లైన్‌కి వస్తుంది. కాబట్టి ముందు అంకె తగ్గించండి, తర్వాతే చెప్పండి. తిరగేస్తే బోర్డు పాత అంకే చూపిస్తుంది. మధ్యలో ఒక లిజనర్‌లో ఎర్రర్ వచ్చినా మిగతావి ఆగవు, మీ బోర్డు కష్టం దాంతో తీరుతుంది. కానీ ఆ ఎర్రర్ కన్సోల్‌లో తేలుతుంది, డిస్పాచ్ చుట్టూ మీరు పెట్టిన ట్రై-క్యాచ్‌కి చిక్కదు.

ఇక నా పరువు తీసిన కథ. వైజాగ్‌లో ఒక హోటల్‌కి ఆర్డర్ల స్క్రీన్ రాశాను. కొత్త ఆర్డర్ వస్తే వంటవాళ్లకి గంట మోగాలి. పొద్దున టిఫిన్లప్పుడు ఒక్కసారే మోగింది. భోజనాల వేళకి ఒక్కో ఆర్డర్‌కి ఆరుసార్లు. రాత్రి తొమ్మిదికి మాస్టర్ ఫోన్ చేసి, “మేడమ్, ఇది హోటలా, గుడా?” అన్నాడు. జరిగిందేమిటంటే, స్క్రీన్ తెరిచినప్పుడల్లా నా కోడ్ ఒక లిజనర్ పెట్టేది, మూసినప్పుడు తీసేది. తీస్తోందని నేననుకున్నాను. రెండుచోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకే యారో ఫంక్షన్ రాశాను మరి. జావాస్క్రిప్ట్‌కి అవి రెండు వేర్వేరు ఫంక్షన్లు. పెట్టినదాన్ని కాకుండా మరోదాన్ని తియ్యమంటే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్ కిక్కురుమనదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఫంక్షన్‌కి దిస్‌ని కట్టిపెట్టే బైండ్‌తోనూ ఇదే తంటా, పిలిచినప్పుడల్లా కొత్త ఫంక్షన్ ఇస్తుంది. ఫంక్షన్‌ని ఒక పేరులో దాచుకుని రెండుచోట్లా ఆ పేరే వాడండి. అలా చేస్తే పొరపాటున అదే లిజనర్ రెండోసారి పెట్టినా ఒకటిగానే లెక్క. చాలా లిజనర్లుంటే అన్నిటినీ ఒకేసారి ఆపే అబార్ట్‌కంట్రోలర్ సిగ్నల్‌ని యాడ్‌ఈవెంట్‌లిజనర్ మూడో ఆర్గ్యుమెంట్‌లో ఇచ్చి, స్క్రీన్ మూసేటప్పుడు ఒక్కసారి అబార్ట్ అనండి, అన్నీ ఊడిపోతాయి. నేనిప్పుడు చేసేది అదే.

ఈవెంట్ పేరు తప్పు రాసినా ఇదే మౌనం. ‘మారింది’ అని కేక వేసి ‘మారిందీ’ కోసం చెవి ఒగ్గితే సాయంత్రం దాకా కూర్చోవాలి. పేర్లన్నీ ఒకేచోట కాన్‌స్టెంట్లుగా పెట్టుకోండి.

ప్రశ్న: నా క్లాస్ ఇప్పటికే ఇంకో క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేస్తోంది. ఈవెంట్‌టార్గెట్ ప్రోటోటైప్ (దాని మెథడ్లు ఉండే చోటు) లోంచి లిజనర్ పెట్టేది, తీసేది, డిస్పాచ్ చేసేది మూడు ఫంక్షన్లనీ నా ఆబ్జెక్ట్‌లోకి కాపీ చేస్తే ‘ఇల్లీగల్ ఇన్వొకేషన్’ అంటోంది. (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అవి అసలైన ఈవెంట్‌టార్గెట్ మీద తప్ప పనిచెయ్యవు. మీ క్లాస్‌లో ఒక ప్రైవేట్ ఫీల్డ్‌గా కొత్త ఈవెంట్‌టార్గెట్ పెట్టుకుని, అవే పేర్లతో మూడు చిన్న మెథడ్లు రాసి, వచ్చిన ఆర్గ్యుమెంట్లని దానికి దాటించండి. అయితే లిజనర్‌లో ఈవెంట్ టార్గెట్ చూస్తే ఆ లోపలిది కనబడుతుంది, మీ ఆబ్జెక్ట్ కాదు. కావాలంటే మీ ఆబ్జెక్ట్‌ని డీటెయిల్‌లో పెట్టి పంపండి. వినేది ఎప్పటికీ ఒక్కరే అయితే మాత్రం ఈ తతంగమంతా ఎందుకండీ, కన్‌స్ట్రక్టర్‌కి ఒక కాల్‌బ్యాక్ ఇస్తే సరిపోతుంది.