కుందేలు పెంటికలు మెత్తబడ్డాయని మేత ఆపకండి

పలాస నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏడాది వయసు కుందేలు. నాలుగు రోజులుగా పొద్దున్నే పంజరంలో జిగురుగా, వాసనతో మెత్తని ముద్ద కనిపిస్తోంది. మిగతా పెంటికలు ఎప్పటికంటే చిన్నవయ్యాయి. విరేచనాలనుకుని నిన్నటి నుంచి ఆకులు, గడ్డి మాన్పించి అటుకులు పెడుతున్నారు. పిల్లలు ముద్దుగా జీడిపప్పు బద్దలు, బిస్కెట్లు కూడా తినిపిస్తుంటారని రాశారు. ముందు లేచి గడ్డి వేసి రండి. మిగతాది తర్వాత చదువుదురు గాని.

నేనూ ఇదే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. విజయనగరంలో మా మేడ మీద నాలుగేళ్లుగా చిట్టి అనే తెల్ల కుందేలు ఉంది. తెచ్చిన కొత్తలో ఒకరోజు ఇలాంటి ముద్దే చూసి భయపడ్డాను. అమ్మ, "లంఖణం పరమౌషధం అన్నారు కదే, ఓ పూట కడుపు మాడిస్తే అదే సర్దుకుంటాది" అంది. మనింట్లో ఎవరికి కడుపు పాడైనా చేసేది అదే. కుందేలుకి మాత్రం లంఖణం విషంతో సమానం. దాని పేగులు కదలాలంటే లోపల పీచు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. మేత ఆగితే పేగు నెమ్మదిస్తుంది, లోపలున్నది ఎండి గట్టిపడుతుంది, గ్యాస్ పట్టేస్తుంది, ఆ నొప్పికి అది ఇంకా తినడం మానేస్తుంది. వాంతి చేసుకుని తేలికపడే వీలు కూడా కుందేలుకి లేదు.

మీరు చూసిన ముద్ద చాలావరకు విరేచనం కాదు. కుందేలు రెండు రకాలుగా వేస్తుంది. ఒకటి మనం రోజూ ఊడ్చే గుండ్రటి పెంటిక. నల్ల శనగగింజంత ఉంటుంది, పొడిగా ఉంటుంది, వేళ్లతో నలిపితే రంపపు పొట్టులా గడ్డి పీచు రాలుతుంది. ఆరోగ్యంగా ఉన్నది రోజుకు 200 నుంచి 300 దాకా వేస్తుంది. రెండోది సీకోట్రోప్. మిరియాలను బెల్లం పాకంలో ముంచి ముద్ద కట్టినట్టు, మెరుస్తూ, ఘాటు వాసనతో ఉంటుంది. గడ్డి అంధనాళంలో, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో, పులిశాక తయారయ్యేది ఇదే. ఇందులో మాంసకృత్తులు, బి విటమిన్లు ఉంటాయి. కుందేలు వంగి దీన్ని నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది, ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున. అసహ్యించుకోవలసిన పని కాదు. దాని భోజనంలో అదీ ఒక ముఖ్యమైన భాగమే.

మరి తినకుండా ఎందుకు వదిలేస్తోంది? తీపి, పిండి, కొవ్వు ఎక్కువైనప్పుడు అంధనాళంలో పులియడం తేడా చేసి ముద్ద మరీ మెత్తగా వస్తుంది. లేదా కడుపు నిండి దాని అవసరం లేకపోతుంది. ఒళ్లు చేసినవి, నడుము నొప్పి ఉన్నవి వంగలేక వదిలేస్తాయి. పంటి నొప్పి ఉన్నా అంతే. మీరు రాసినదాన్ని బట్టి నాకు ముందు అనుమానం జీడిపప్పు, బిస్కెట్ల మీదే. చిన్న పెంటికలకు అర్థం గడ్డి తక్కువ తింటోందని. పిల్లలకు నచ్చజెప్పి రెండూ మాన్పించండి, అటుకులు కూడా. దాణా గుళికలు పెడుతుంటే కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటనివ్వకండి.

ఇక ఒక మే నెలలో మా చిట్టి మేత మానేసిన సంగతి. ఆ రోజు ఎండ విపరీతం, ఉక్కపోత. పొద్దున్న చిట్టి మూల నక్కి పళ్లు కొరుకుతోంది. కొత్తిమీర కట్ట చూపించినా ముక్కు తిప్పేసింది. ట్రేలో రాత్రి నుంచి ఒక్క పెంటిక లేదు. మందుల షాపుకి పరిగెత్తితే పిల్లలకిచ్చే యాంటీబయాటిక్ సిరప్ చేతిలో పెట్టారు. దేవుడి దయ, పట్టకముందే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. సీసా చూసి ఆయన ముఖం మారిపోయింది. అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే అంధనాళంలో మంచి సూక్ష్మజీవులు చచ్చి, కుందేలే పోతుందన్నారు. పొట్ట తడిమి, అడ్డు ఏమీ పడలేదని నిర్ధారించుకున్నాక చర్మం కింద సెలైన్ ఎక్కించారు, నొప్పికి ఇంజెక్షన్ చేశారు, సిరంజితో మెత్తటి మేత పట్టడం నేర్పారు. ఆ పరీక్ష లేకుండా మీరు బలవంతంగా పట్టొద్దు, లోపల అడ్డు ఉంటే ప్రమాదం. మర్నాడు తెల్లారి నాలుగింటికి ట్రేలో టక్‌మని చప్పుడైంది. మిరియపు గింజంత పెంటిక, నల్లగా, గట్టిగా. అమ్మని నిద్ర లేపి మరీ చూపించాను.

అందుకే పొద్దున్నే ట్రే చూడకుండా నేను కాఫీ తాగను. పెంటికలు వెంట్రుకతో పూసల దండలా వేలాడుతుంటే బొచ్చు రాలే కాలమని, రోజూ దువ్వి నీళ్లు, గడ్డి పెంచుతాను. చిన్నవై నల్లబడితే నీళ్లో, గడ్డో తగ్గాయని. జిగట పొరతో వస్తే డాక్టరుకి చూపిస్తాను. పది పన్నెండు గంటలు అసలు వేయకపోయినా, తినకపోయినా తెల్లారేదాకా ఆగేది లేదు. నీళ్లలా పల్చగా పోతే అదే అసలు విరేచనం. రెండు మూడు నెలల కూనల్లో అది కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి వల్ల వచ్చే రోగం కావచ్చు, ఆ రోజే తీసుకెళ్లాలి.

గడ్డి విషయంలో మనకి లోటు లేదు. గరిక మంచిది. పురుగుమందు కొట్టిన పొలం గట్ల మీది మాత్రం కోయకండి. నేను వానలకి ముందే కోసి మేడ మీద ఎండబెట్టి దాచుకుంటాను. బూజు పట్టినది ఒక్క పరక కూడా పెట్టను. కుప్పలోని వరిగడ్డి పరుపుగా వేయడానికి సరే, దాన్నే మేత అనుకోవద్దు, సత్తువ తక్కువ. మేతలో ఎనభై శాతం పైన గడ్డే ఉండాలి. ఎప్పటికీ పెరిగే దాని పళ్లు అరిగేది కూడా ఆ నమలడంతోనే. ఆకుకూరలు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గుప్పెడుతో మొదలుపెట్టండి. నీళ్లు సీసా కంటే బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది.

కుందేళ్లను చూసే డాక్టరు అంతటా ఉండరు. మీ ఊళ్లో దొరక్కపోతే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, లేదా విశాఖపట్నం. బయల్దేరేముందు ఫోన్ చేసి కుందేళ్లను చూస్తారా అని అడగండి. ఎండలో తీసుకెళ్తే ఐసు కట్టిన సీసాకి తువాలు చుట్టి బుట్టలో పక్కన పెట్టండి. పది పెంటికలు కవర్లో వేసి వెంట పట్టుకెళ్లండి, డాక్టరుకి మన వర్ణన కంటే అవే ఎక్కువ చెబుతాయి.

ఈ రాత్రి ట్రే శుభ్రంగా తుడిచి కొత్త కాగితం పరిచి పడుకోండి. పొద్దున్న ఎన్ని ఉన్నాయో, ఎంత సైజులో ఉన్నాయో, గడ్డి ముట్టుకుందో లేదో ఇక్కడ రాయండి, చూస్తుంటాను. ఈలోపు తినడం మానేస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకండి.