టెక్ సందేహాలు: స్క్రాప్‌బుక్ పేజీలో గీతలు

ప్రశ్న: జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 12 అంగుళాల చదరపు స్క్రాప్‌బుక్ పేజీ తయారుచేస్తున్నాను. శీర్షిక కింద గీసిన సన్నని గీతలు తెర మీద ఒక్కోసారి మాయమవుతున్నాయి. అచ్చు వేయిస్తే కొన్ని మసకగా వస్తున్నాయి. గీత మందం ఎంత ఉండాలి?

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున మీ పేజీ 3600 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉంటుంది. దాన్ని తెరలో ఇమిడేలా నాలుగో వంతుకు కుదించినప్పుడు రెండు పిక్సెళ్ల గీతకు అర పిక్సెల్ చోటే మిగులుతుంది కనుక, సాఫ్ట్‌వేర్ దాన్ని పక్క రంగులో కలిపి పలచన చేస్తుంది, లేదా అసలు చూపించదు. జూమ్‌ను 100 శాతానికి మార్చి చూడండి, గీత ఉన్నచోటే ఉంటుంది.

అచ్చు సంగతి వేరు. అచ్చులో గీత మందాన్ని కొలిచే పాయింట్లు అంగుళానికి 72 కాబట్టి, ఈ రిజల్యూషన్‌లో ఒక పాయింట్ గీత అంటే సుమారు 4 పిక్సెళ్లు. తెల్ల కాగితం మీద నల్ల గీతకు అందులో సగం చాలు. లేత రంగును మాత్రం ప్రింటర్ విడివిడి చుక్కలుగా పేరుస్తుంది. మరీ సన్నని గీతలో ఆ చుక్కలకు చోటు చాలక అంచులు తెగినట్లు కనిపిస్తాయి కనుక, లేత గీతకు కనీసం 4 పిక్సెళ్లు ఇవ్వండి. ముదురు నేపథ్యం మీద తెల్ల గీతను రెండువైపుల నుంచీ సిరా కమ్ముకుంటుంది. దానికి 6 పిక్సెళ్లు ఇవ్వడం మేలు.

ప్రశ్న: పేజీలో నాలుగు ఫొటోలు దేనికదే అన్నట్లున్నాయి. గీతలతో వాటిని కలపవచ్చా?

జవాబు: కలపవచ్చు, కానీ ప్రతి గీతా ఏదో ఒక ఫొటో అంచు నుంచో, శీర్షిక మొదటి అక్షరం నుంచో బయలుదేరాలి. ఖాళీ స్థలంలో మొదలై ఖాళీలోనే ముగిసే గీత ఎంత అందంగా ఉన్నా పొరపాటున మిగిలిపోయినట్లే ఉంటుంది. పై రూలర్ నుంచి ఒక గైడ్‌ను (అచ్చులో పడని సహాయ గీతను) కిందికి లాగి, మూడు ఫొటోల అడుగు అంచులను దానికి ఆనించండి. తర్వాత కొత్త లేయర్‌లో (బొమ్మపై పరిచే విడి పొరలో) బ్రష్‌తో ఒక కొసన క్లిక్ చేసి, షిఫ్ట్ నొక్కి ఉంచి రెండో కొసన క్లిక్ చేస్తే తిన్నని గీత వస్తుంది. కంట్రోల్‌ను కూడా నొక్కితే గీత 15 డిగ్రీల మెట్లలోనే తిరుగుతుంది. ఈ అడ్డగీత మూడు ఫొటోలకూ నేలలా పనిచేస్తుంది. నాలుగో ఫొటోను దానికి పైన విడిగా ఉంచి, చూపు అటు వెళ్లేలా ఒకే ఒక ఏటవాలు గీత గీయండి. రెండో ఏటవాలు గీత చేరిందా, చూపు ఎటు పోవాలో తేల్చుకోలేదు.

మందాల్లో తేడా చూపదలిస్తే ధైర్యంగా చూపండి. 4 పిక్సెళ్ల గీత పక్కన 6 పిక్సెళ్ల గీత తప్పులా కనిపిస్తుంది, 16 పిక్సెళ్లది కావాలని గీసినట్లు కనిపిస్తుంది. పేజీ అంచును ఆనుకుని చుట్టూ చట్రం గీయడం మాత్రం నాకు నచ్చదు. కాగితం కత్తిరించేటప్పుడు కొద్దిగా పక్కకు జరిగినా ఒకవైపు అంచు వెడల్పుగా, మరోవైపు ఇరుకుగా మారి, ఆ తేడాను చట్రమే పట్టిచ్చేస్తుంది. గీయక తప్పదనుకుంటే అర అంగుళం లోపలికి గీయండి.

ప్రశ్న: అచ్చయ్యాక చేత్తో రాసుకోవడానికి గీతలు కావాలి. ఒక్కొక్కటీ కొలిచి గీయాలా?

జవాబు: అక్కర్లేదు. గ్రిడ్ (తెర మీది సహాయ గళ్లు) ఎడాన్ని 100 పిక్సెళ్లుగా పెట్టి, గీతలు దానికి అతుక్కునేలా స్నాప్ ఎంపికను ఆన్ చేయండి. ఆ ఎడం అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. చేతిరాతకు ఇది సరిపోతుంది. బైండింగ్ వైపు ముప్పాతిక అంగుళం వదిలేయండి. ఫైలును పీఎన్‌జీగా ఎగుమతి చేయండి, ఎందుకంటే జేపెగ్ కుదింపు సన్నని గీతల చుట్టూ మచ్చలు మిగులుస్తుంది.