బొమ్మల పుస్తకం మూడేళ్ల పిల్లాడిదే, మరి ఆ సినిమా ఎవరిది?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో నేను, మా ఆయన, అత్తయ్య, మూడున్నరేళ్ల బాబు. బెంగళూరులో ఉండే మా అన్నయ్య పంపిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' అనే ఇంగ్లీషు బొమ్మల పుస్తకం అంటే వాడికి ప్రాణం, రోజూ పడుకునే ముందు నేను తెలుగులో చెప్తూ చూపించాల్సిందే. పోయిన నెల మా ఆడపడుచు వచ్చినప్పుడు ఆ పుస్తకమే సినిమాగా ఉందని వాడికి టీవీలో పెట్టింది, నేను డ్యూటీలో ఉన్నా. అప్పట్నుంచి వాడు తెల్లారగట్ల లేచి ఏడుస్తున్నాడు, "చెయ్యి పీకేస్తాడు" అంటాడు, బాత్రూంకి ఒక్కడే వెళ్లడు, ఆ పుస్తకం కనిపిస్తే దాచెయ్యమంటాడు. కోపంలో ఆడపడుచుని ఫోన్లో నాలుగు మాటలన్నా, తను నాతో మాట్లాడ్డం మానేసింది. అత్తయ్యేమో "మేం ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులివేషాలు చూసి పెరగలేదా, వాణ్ణి నువ్వే పిరికివాణ్ణి చేస్తున్నావు" అంటున్నారు. మా ఆయన "పుస్తకంలో ఉన్నదే కదా సినిమాలో ఉన్నది" అంటున్నారు. టీవీ కనెక్షనే తీయించేద్దామా అనిపిస్తోంది. తప్పు నాదేనా?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే మీరు ఆ సినిమా చూడలేదేమో అనిపించిందమ్మా. "చెయ్యి పీకేస్తాడు" అని బాబు ఊరికే అనట్లేదు. ఆ సినిమాలో ఒక వింతజంతువు కోపంతో ఇంకో జంతువు చెయ్యి నిజంగానే ఊడబెరికేస్తుంది, అది చూసే వాడు చెప్తున్నాడు. పుస్తకంలో ఆ సీను ఎక్కడా లేదు. కాబట్టి ఇంట్లో అందరూ ముందు ఒప్పుకోవాల్సింది ఏంటంటే, పిల్లాడు చూసింది చూసినట్టు చెప్తున్నాడు, వాడి మాట నమ్మండి.

మీవారు అన్నమాట దగ్గరికి వస్తా, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇదే మాట, పుస్తకం చిన్నపిల్లలది కాబట్టి సినిమా కూడా చిన్నపిల్లలదే అని. ఆ పుస్తకం మారిస్ సెండాక్ 1963లో రాసి బొమ్మలేశారు, మొత్తం కలిపి పది వాక్యాలే. అల్లరి చేసిన మాక్స్‌ని అమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది, ఆ గదే అడవి అవుతుంది, వాడు పడవెక్కి జంతువుల దగ్గరికెళ్లి వాటికి రాజై, ఇంటి మీద బెంగొచ్చి తిరిగొచ్చేస్తాడు, వచ్చేసరికి అన్నం వేడిగానే ఉంటుంది. అదంతా వాడి ఊహే, ఇల్లు వదిలి వాడు ఎక్కడికీ పోలేదు. 2009లో స్పైక్ జోన్జ్ తీసిన సినిమా గంటా నలభై నిమిషాలు, పది వాక్యాల్ని అంతసేపు సాగదియ్యాలంటే ఏదో ఒకటి నింపాలి కదా, ఏం నింపారో చూడండి. అమ్మ ఇంకొకాయనతో స్నేహంగా ఉండడం పిల్లాడికి నచ్చదు, గొడవలో అమ్మని కొరుకుతాడు, రాత్రిపూట నిజంగానే ఇంట్లోంచి పారిపోతాడు, అక్కడ జంతువులు ఒకదాని మీద ఒకటి అలుగుతాయి, కొట్టుకుంటాయి, చివరికి ఒక జంతువు పిల్లాడి వెంటపడితే ఇంకొకటి వాణ్ణి నోట్లో పెట్టుకుని కడుపులో దాస్తుంది. ఒంటరితనం గురించి, ఇల్లు చెదిరిపోతుందేమోనన్న భయం గురించి తీసిన సినిమా అది, మంచి సినిమానే, పదేళ్లు దాటిన పిల్లలు అమ్మానాన్నతో కూర్చుని చూస్తే బోలెడు మాట్లాడుకోవచ్చు. తీసినాయనే నేను తీసింది పిల్లల సినిమా కాదు, బాల్యం గురించిన సినిమా అన్నాడు. అమెరికాలో దానికి పీజీ అని రేటింగ్ ఇచ్చారు, అంటే కొన్ని సీన్లు చిన్నపిల్లలకి సరిపడకపోవచ్చు, పెద్దలు చూసుకోండి అని. పేరు ఒకటే, అట్ట మీద జంతువు ఒకటే, లోపల కథ మూడేళ్లవాడిది కాదు.

అయితే పుస్తకంలో భయం లేదా అంటే ఉంది. కోరలు, గోళ్లు, తిప్పే కళ్లు అన్నీ ఉన్నాయి. అది వచ్చిన కొత్తల్లో అక్కడి పెద్దవాళ్లే పిల్లలు జడుసుకుంటారని గోలపెట్టారు, 1964లో దానికే, అక్కడ బొమ్మల పుస్తకాలకి ఇచ్చే కాల్డెకాట్ మెడల్ వచ్చింది, పిల్లలు అరవై ఏళ్లుగా చదివించుకుంటూనే ఉన్నారు. అదే జంతువుల్ని మీవాడు రోజూ చూసి సంబరపడ్డాడు కదా. ఎందుకంటే అక్కడ పేజీ తిప్పేది వాడు. వద్దనుకుంటే మూసేస్తాడు, కావాలంటే అదే బొమ్మ మీద పది నిమిషాలు కూర్చుంటాడు, "ఇది కరుస్తుందా అమ్మా" అని అడుగుతాడు, మీరు ఆగి చెప్తారు, వాడి మొహం మారితే మీ గొంతు తగ్గిపోతుంది, మీకు తెలీకుండానే. సినిమా వాడి కోసం ఆగదు. మ్యూజిక్ పెరుగుతుంది, జంతువు మొహం టీవీ నిండా వస్తుంది, వాడు కళ్లు మూసుకున్నా చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అడుగుదామనుకునేలోపు తర్వాతి సీను వచ్చేస్తుంది.

ఇంకో సంగతి, ఆ వయసులో టీవీ బొమ్మ అంటే బొమ్మే అన్నది వాళ్లకింకా గట్టిగా కుదరదు. 1990లో జాన్ ఫ్లేవెల్ అనే సైకాలజిస్టూ ఆయనతో పనిచేసినవాళ్లూ పిల్లలకి టీవీలో పాప్‌కార్న్ గిన్నె చూపించి, ఈ టీవీని తలకిందులు చేస్తే పాప్‌కార్న్ పడిపోతుందా అని అడిగారు. మూడేళ్లవాళ్లు ఎక్కువమంది పడిపోతుందన్నారు, నాలుగేళ్లవాళ్లకి అర్థమైంది. మీవాడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నాడు. అందుకే "ఉత్తిదేరా, అది సినిమా" అంటే వాడికి ఎక్కదు, ఎక్కకపోవడం వాడి తప్పూ కాదు.

అత్తయ్యగారి మాట నేను తీసిపారెయ్యను. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరిగే ఊళ్లో పుట్టిన పిల్లలు పులివేషం చూసి కేకలేస్తూ మళ్లీ మళ్లీ చూడాలంటారు, నిజమే, పిల్లలకి కొంచెం భయం ఇష్టమే. కానీ ఆ పిల్లలు ఎక్కడుంటారు, తాతయ్య భుజం మీదో అమ్మ చంకలోనో. చుట్టూ జనం నవ్వుతుంటారు, డప్పులు మోగుతుంటాయి, వాడు ఏడిస్తే నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్తారు, కాసేపాగి ఆ పులివేషం వేసిన అన్న పక్క అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతుంటే చూపిస్తారు. అత్తయ్యగారు బుఢీ అసురుణి, అదే ముసలి రాక్షసి కథ చెప్పినా అంతే, మనవడు దగ్గరికి జరిగితే కథలో అసురుణిని కాస్త తొందరగా పంపించేస్తారు. అంటే ఆవిడ పద్ధతీ మీ పుస్తకం పద్ధతీ ఒకటే, ఆ సినిమాదే వేరు. ఆవిడతో వాదించకుండా ఈ మాటే చెప్పి చూడండి, రాత్రి కథ వారంలో కొన్నిరోజులు ఆవిడకే అప్పగించండి. ఒక్కటి మాత్రం మీవారే వాళ్లమ్మకి గట్టిగా చెప్పాలి, పిల్లాడి ముందు పిరికివాడు అన్న మాట వద్దని. భయపడ్డ పిల్లాడు సిగ్గు కూడా పడ్డం మొదలెడితే చెప్పడం మానేస్తాడు, అప్పుడు మనకి ఏమీ తెలీదు.

ఇప్పుడు రాత్రుళ్ల సంగతి. తెల్లారగట్ల లేచి, మిమ్మల్ని గుర్తుపట్టి, ఏం కలొచ్చిందో చెప్తున్నాడంటే అది పీడకల. పడుకున్న కొద్దిసేపటికే అరుస్తూ లేచి, మీరెవరో తెలీనట్టు చూసి, పొద్దున్నకి ఏమీ గుర్తులేకపోతే అది వేరే రకం, దానికి లేపకుండా దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు. మీవాడిది మొదటిదే. లేవగానే దగ్గరికి తీసుకోండి, నీళ్లు తాగించండి, చిన్న లైటు ఉంచండి, బాత్రూంకి కొన్నాళ్లు తోడెళ్లండి, అలవాటైపోతుందని బెంగపడకండి. పగలు వాడు హుషారుగా ఉన్నప్పుడు కాగితం, క్రేయాన్స్ ఇచ్చి ఆ జంతువుని గియ్యమనండి, చెయ్యి మళ్లీ అతికించమనండి, దానికి అన్నం పెట్టమనండి, వాడు ఏం చేయిస్తే అది చేయించనివ్వండి. వాడు గియ్యనంటే వదిలెయ్యండి.

పుస్తకాన్ని వాడు దాచమంటే దాచండి, కానీ ఎక్కడ పెట్టారో వాడికి చూపించండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని చెప్పండి. వాడే అడిగిన రోజు మొదటి పేజీతో కాకుండా చివర్నుంచి మొదలెట్టండి, గదిలో టేబుల్ మీద అన్నం ఉన్న బొమ్మ దగ్గర్నుంచి. మాక్స్ ఇంటికొచ్చేశాడు, అన్నం వేడిగా ఉంది, అని తెలిశాక వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది వాడిష్టం. ఇంకో మూణ్నాలుగు వారాలకీ తగ్గకపోయినా, పగలు కూడా తిండి మానేసి మిమ్మల్ని వదలకపోయినా మీ ఊరి ఎంకేసీజీ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి చూపించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

టీవీ తీయించెయ్యడం నాకు సరైనదిగా అనిపించట్లేదు. తీయిస్తే అది ఆడపడుచు మీద తీర్పులా ఉంటుంది, అత్తయ్యగారికి సాయంత్రం తోడు పోతుంది, మీ సమస్య ఫోన్లోకి మారుతుంది అంతే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పినదాని ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి రోజుకి గంట లోపు, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా ఆ గంటే. ఆ గంటలో ఏం చూడాలో మీరు ఎంచండి. బొమ్మల పుస్తకాల మీద వచ్చినవన్నీ చెడ్డవి కావు, నేనైతే ముందు నిడివి చూడమంటా. 'ది గ్రఫలో' పుస్తకం 1999ది, 2009లో వచ్చిన ఫిల్మ్ అరగంట లోపే, పుస్తకంలో మాటలే చాలావరకు ఉంచారు, పైగా ఒక తల్లి ఉడుత తన పిల్లలకి కథ చెప్తున్నట్టు తీశారు. అలాంటివి మీవాడు ఇంకొంచెం పెద్దయ్యాక మీ ఒళ్లో కూర్చుని చూడొచ్చు. అలాగని చిన్నవన్నీ పనికొస్తాయని కాదు, 'ది స్నోమాన్' ఇరవయ్యారు నిమిషాలే, కానీ చివర్లో మంచుబొమ్మ కరిగిపోతుంది, మెత్తని పిల్లలు వెక్కివెక్కి ఏడుస్తారు. ముప్పై పేజీల పుస్తకం గంటన్నర సినిమా అయిందంటే మాత్రం మధ్యలో కొత్త ప్రమాదాలు కలిపే ఉంటారు, 'ద పోలార్ ఎక్స్‌ప్రెస్' చూడండి, పుస్తకంలో హాయిగా వెళ్లే రైలు సినిమాలో అదుపు తప్పి మంచుగడ్డ మీద జారుకుంటూ పోతుంది. ఓటీటీలో మొదలయ్యేటప్పుడు మూలన యూ/ఏ 7+ అని ఉంటే మీవాడికి కాదు. ముందు మీరొక్కరే నడిమి పది నిమిషాలూ ఆఖరి పది నిమిషాలూ చూడండి, మొదట్లో అన్నీ బాగానే ఉంటాయి.

తప్పు నాదేనా అని అడిగారు. డ్యూటీకెళ్లడం తప్పు కాదు. మీ ఆడపడుచుదీ తప్పు కాదమ్మా, మేనల్లుడికి ఇష్టమైన పుస్తకం పేరు టీవీలో కనిపిస్తే ఏ అత్త అయినా పెడుతుంది, వాడు సంతోషిస్తాడనే పెట్టింది. మీ కోపం పిల్లాడి ఏడుపు చూసి వచ్చింది, అది నాకు అర్థమవుతుంది, కానీ అన్న మాటలు తన మీద పడ్డాయి, కాబట్టి ముందు ఫోన్ చెయ్యాల్సింది మీరే. అంతకంటే ముందు ఒక పని, బాబు పడుకున్నాక మీరూ మీవారూ కూర్చుని ఆ సినిమా చూడండి. పుస్తకంలో ఉన్నదే కదా అన్న మాట ఆయన మళ్లీ అనరు. తర్వాత ఆడపడుచుకి ఫోన్ చేసి "ఆ రోజు నేను అలా అనాల్సింది కాదు, నాకూ తెలీదు అందులో అంత ఉందని, మేమిద్దరం ఇప్పుడే చూశాం" అనండి. వాడు ఏడుస్తున్నాడన్నది మళ్లీ ఎత్తొద్దు, ఆ సంగతి తనకి తెలుసు. ఈసారి వచ్చినప్పుడు వాడికి ఏదైనా కొత్త బొమ్మల పుస్తకం తెచ్చి తనే చదివి వినిపించమని అడగండి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్లో తెలుగువీ ఒడియావీ బొమ్మల కథలు ఫ్రీగా ఉంటాయి, అందులోంచి ఒకటి ఎంచుకున్నా సరే. ఈ ఫోను అత్తయ్యగారి చేత చేయించకండి, మీవారి చేత కూడా వద్దు, మీరే చెయ్యండి, స్పీకర్ పెట్టకుండా.